మొరం బాట మీద ద్రాక్ష గంపలు

మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉండే సుధీర్ ఈమధ్య ఒక సైకిల్ కొన్నాడు. కొన్నవాడు కొన్నట్టు తొక్కుకుంటే నాకేం బాధ లేదు. దాన్ని లిఫ్టులో పైకి తెచ్చి, మా గుమ్మం ముందు నిలబెట్టి, నన్ను బయటికి పిలిచి, పొయ్యి మీద చారు పొంగిపోతున్నా వదలకుండా దాని గొప్పలన్నీ చెప్పాడు. మొరం బాటల మీద, అంటే గులకమట్టి దారుల మీద తొక్కడానికే ప్రత్యేకంగా తయారుచేసిన సైకిలట. వచ్చే ఆదివారం వాళ్ళ బృందమంతా ద్రాక్షతోటల మధ్య నుంచి, అడవిలో నుంచి, ఏటి ఒడ్డు పట్టుకుని తొక్కుతారట. అయితే ఎల్బీనగర్ చుట్టుపక్కల ఇప్పుడు మొరం అనేదే కనిపించదు గనక, సైకిళ్ళను కార్ల నెత్తిన కట్టుకుని ఎక్కడో దూరాన దించుకుని, అక్కడ తొక్కి, మళ్ళీ కార్ల నెత్తికెక్కించుకుని వస్తారు. సైకిల్‌ను మోయడానికి కారు కావలసిన ఈ మహానుభావులకు దండం పెట్టాలి. అపార్ట్‌మెంట్‌లో నేనే పెద్దదాన్ని కాబట్టి పొద్దున్నే కిందికి దిగి జెండా ఊపి పంపించాలని అడిగాడు. అంతటితో ఆగినా బాగుండేది. "ఆంటీ, అసలు సీక్రెట్ చెప్తా. టైర్లల్ల గాలి తక్కువ పెట్టాలె. అప్పుడే మొరం మీద కుదుపుండది. గిది చానామందికి తెల్వది," అన్నాడు గొంతు తగ్గించి. తరవాత చాలా జాలిగా, మీరెప్పుడైనా ద్రాక్షతోట చూశారా అని అడిగాడు. చూశాను నాయనా అని తలుపు వేసుకున్నాను. లోపలికొచ్చి చూస్తే చారు సగం పొయ్యి పాలైంది. ఒళ్ళు మండి, ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు.

మా తోట ఇప్పటి ఎల్బీనగర్ చౌరస్తా దాటి హయత్‌నగర్ వైపు పోతుంటే అడవి అంచున ఉండేది. మా తోట అంటున్నాను గాని భూమి మాది కాదు, అక్కడి పాత ఊరి పటేలుది. మా నాయన నల్లగొండ పల్లెలో ఆముదాలు, జొన్నలు పండించి, వానలు వరసగా ఎగ్గొడితే ఇంటిల్లిపాదినీ బండెక్కించుకుని వచ్చి ఆ భూమిని కౌలుకు తీసుకున్నాడు. ద్రాక్ష అంటే ఏమిటో అప్పటికి ఆయనకు తెలియదు. తెలియదని ఒప్పుకుని, తెలిసినవాళ్ళ తోటల గట్ల మీద కూర్చుని, చూసి చూసి నేర్చుకున్నాడు. రాతి కడీలు పాతించి, ఇనుప తీగ లాగించి, పందిరి వేయించి, కాపుకొచ్చేదాకా ఆ మొక్కలకు ఊడిగం చేశాడు. నా చిన్నతనమంతా గంధకం వాసనే. తెగులు రాకుండా పొద్దున్నే ఆకుల మీద గంధకప్పొడి చల్లేవాళ్ళు. మైలుతుత్తం, సున్నం కలిపిన మందు కొట్టీ కొట్టీ నాయన అంగీలన్నీ నీలిపచ్చగా మారిపోయాయి. పెళ్ళికి పోయినా ఆ మరకలతోనే పోయేవాడు. ఆయనకు కోపం రావాలంటే ఒక్క పని చాలు, గుత్తిని చేత్తో పట్టుకోవడం. ద్రాక్షపండు మీద సన్నటి బూడిదలాంటి పొర ఉంటుంది, వేలు తగిలితే చెరిగిపోతుంది. అది చెరిగితే పండు పాతబడ్డట్టు కనిపిస్తుంది. కాడ పట్టుకునే కొయ్యాలి, కాడ పట్టుకునే పెట్టాలి. ఇప్పుడు సూపర్‌మార్కెట్లో జనం పెట్టెల్లో చేతులు పెట్టి కెలుకుతుంటే నాకు నాయన గుర్తొస్తాడు, వాళ్ళ వీపున ఒకటి చరచాలనిపిస్తుంది.

గుత్తిలో కాయలు ఇరుకైపోకుండా లేతగా ఉన్నప్పుడే కొన్నింటిని కత్తెరతో తీసేసేవాళ్ళు. పుల్లటి ఆ పచ్చికాయలన్నీ వంటింటికి చేరేవి. ఆ కాలం అయిపోయేదాకా మా ఇంట్లో చింతపండు ఊసే ఉండేది కాదు. పచ్చి ద్రాక్ష పప్పు, పచ్చి ద్రాక్ష తొక్కు, పచ్చి ద్రాక్ష చారు. జొన్నరొట్టెలో ఆ తొక్కు నంజుకుని నంజుకుని పళ్ళు పులిసిపోయేవి. మూతి తిప్పితే తినకుంటే పండుకో అని అమ్మ గిన్నె ఎత్తేసేది. మధ్యాహ్నం పూట ఆమె పందిరి కింద కూర్చుని ఒక చేత్తో చేటలో బియ్యం ఏరుతూ, ఇంకో చేత్తో కిరసనాయిలు డబ్బా వాయిస్తూ గోరింకలను తోలేది. రెండు పనుల్లో ఏదీ ఆగేది కాదు. ఆమె ఖాళీగా కూర్చోగా నేను చూడలేదు. ఇప్పుడు ఖాళీగా కూర్చోవడం నేర్పడానికి మా కాలనీలో ఒక క్లాసు నడుస్తోంది, దానికి ఫీజు కూడా ఉంది.

నేను సరూర్‌నగర్ బడికి పోవడానికి నాయన ఒక పాత మగసైకిల్ తెచ్చాడు. లంగా ఓణీ వేసుకున్న పిల్ల అడ్డకడ్డీ సైకిల్ తొక్కుతుంటే చూడటానికి చెరువు కట్ట మీద జనం పనులు మానుకుని నిలబడేవాళ్ళు. ఆడపిల్లను సైకిలెక్కించి ఏం చేస్తావని పటేలే ఒకసారి నాయనను నిలదీశాడు. బడికి పంపిస్తా అన్నాడు నాయన. ఇందులో అడగడానికేముందన్నట్టు చెప్పాడు. పటేలుకు అది నచ్చలేదు. ఆయన ముగ్గురు కూతుళ్ళు మేనాలో కూర్చున్నట్టు ఇంట్లో కూర్చుని ఉండేవాళ్ళు. నన్ను చూసి జాలిపడేవాళ్ళో, కుళ్ళుకునేవాళ్ళో నాకు తెలియదు.

తెలంగాణ కావాలని మొదటిసారి ఉద్యమం లేచిన ఏడే మా తోట నిండుగా కాసింది. అంతకుముందు కాసింది పిట్టలకూ మాకూ సరిపోయేది. ఆ ఏడు మాత్రం పందిరి కింద నడవాలంటే గుత్తులు తలకు తగిలేవి. నడుం వంచి నడిచేవాళ్ళం. సరిగ్గా అప్పుడే బడులు మూతపడ్డాయి, బస్సులు ఆగాయి, లారీలు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. పంటంతా తోటలోనే కొని లారీ పంపిస్తానని మాటిచ్చిన వర్తకుడు కోటేశ్వరరావు గారిది కోస్తా, కాపురం దిల్‌సుఖ్‌నగర్‌లో. లారీ ఎప్పుడొస్తుందో కనుక్కురమ్మని నాయన నన్ను పంపితే, నేను వెళ్ళేసరికి ఆయన ఇంటికి తాళం వేస్తున్నాడు. కిటికీ అద్దాలు పగిలి అరుగు మీద పడి ఉన్నాయి. ఆయన భార్య రిక్షాలో కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. గొడవలు సద్దుమణిగాక వస్తానని నాన్నగారికి చెప్పమ్మాయ్ అన్నాడు. గొడవలు సద్దుమణిగేదాకా ద్రాక్ష ఆగదని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. ఆయన్ని ఏమనగలను? రాష్ట్రం కావాలని నేనూ కోరుకున్నాను, కాని ఇంటి కిటికీ మీద రాయి వేసినవాడి మీద నాకు అప్పుడూ గౌరవం లేదు, ఇప్పుడూ లేదు. ఆ రాళ్ళు వేసినవాళ్ళలో సగం మందికి ఆ తరవాత ఆంధ్రా వియ్యంకులే దొరికారు.

లారీ రాదని తెలిసి పటేలు తోటకొచ్చాడు. పందిరి కింద నులకమంచం వేయించుకుని కూర్చున్నాడు. దిల్‌సుఖ్‌నగర్ దాటి ఇళ్ళు ఇటు వస్తున్నాయి, ఈ భూమిని ప్లాట్లు చేసి అమ్ముకొమ్మని ఎవరో ఆయన చెవిలో ఊదారు. ఆ సంగతి దాచకుండానే చెప్పాడు. "పంట బజారుకు చేరితే ఇంకో మూడేండ్లు తోట నీదే. తీగ మీదనే ఎండిందనుకో, పీకి పారేస్త," అన్నాడు. నాయన సరేనన్నాడు. కాగితం అడగలేదు. మా పల్లెల్లో నలుగురు వింటుండగా అన్న మాటకు కాగితం అడిగితే అవతలివాణ్ణి దొంగ అన్నట్టే లెక్క. ఆ మర్యాదను నాయన బండిలో సామానుతో పాటు పట్నానికి తెచ్చుకున్నాడు. ఇక్కడ ఎవరికీ అది అక్కర్లేదని ఆయనకు చెప్పినవాళ్ళు లేరు. ఆ మాట విన్నది నేనూ, అమ్మా, మా యాదగిరి చిన్నాయనా.

చిన్నాయన నాయనకు తమ్ముడు. నాయనే చదివిస్తున్నాడు. కాలేజీ మూతపడ్డాక ఉద్యమంలో తిరుగుతూ, ఆకలైనప్పుడు తోటకొచ్చేవాడు. గొంతు మంచిది. మన భూములు, మన నీళ్ళు అని మొదలుపెడితే వినేవాళ్ళకు రోమాలు నిక్కబొడుచుకునేవి, నావి కూడా. పంట సంగతి విని ఆయనే తోటి విద్యార్థులను సైకిళ్ళతో సహా పోగుచేసుకొచ్చాడు. గంపలు సైకిళ్ళ మీద తీసుకుపోదాం అన్నది ఆయనే. ఆ ఒక్క పనికి జన్మంతా ఆయన పేరు చెప్పుకుని ఉండేదాన్ని, తరవాత చేసింది చెయ్యకపోయి ఉంటే.

పెద్దరోడ్డున పోతే దిల్‌సుఖ్‌నగర్‌లో ఉద్యమం వాళ్ళు ఆపుతారు, మలక్‌పేటలో పోలీసులు ఆపుతారు. అందుకని అడవిలో పడి, నాగోలు దగ్గర మూసీ చేరి, ఒడ్డు వెంబడి పట్నంలోకి పోవాలని అనుకున్నాం. మొదటి రోజు నవ్వులపాలయ్యాం. నాయన ఆముదాలూ జొన్నలూ బస్తాలకెత్తిన మనిషి. కూరి నింపితేనే సరుకు కదలదని ఆయన లెక్క. గడ్డి పరిచి గుత్తులను గంపల్లో ఒత్తి ఒత్తి పేర్చాడు. టైర్లలో గాలి కూడా రాయిలా నిండుగా కొట్టించాడు, బరువు మొయ్యాలి కదా అని. దారంతా ఎర్ర మొరం, గులకరాళ్ళు. బజారులో మూతలు తీస్తే గుత్తుల్లేవు. పండ్లు కాడల నుంచి ఊడిపోయి, గంప అడుగు నుంచి రసం కారుతోంది. ఆ రకానికి కాడ పట్టు తక్కువ, కుదిపితే రాలిపోతుంది. రాలిన పండును బజారులో ఎవరూ ముట్టరు. అందరూ ముఖాలు వేలాడేసుకుని కూర్చున్నాక, చాలాసేపటికి నేను చేరాను. అడవిలో తుమ్మముల్లు గుచ్చుకుని నా వెనక టైరు సన్నగా గాలి పోతూ వచ్చింది. మెత్తటి టైరు మీదే ఈడ్చుకుంటూ వచ్చాను. చిన్నాయన తిట్టబోయి, నా గంప మూత తీసి చూసి ఆగిపోయాడు. నా గంపలో గుత్తులు కోసినవి కోసినట్టే ఉన్నాయి.

మరునాటి నుంచి నాయన పొద్దున్నే అన్ని సైకిళ్ళ టైర్లనూ బొటనవేలితో నొక్కి చూసేవాడు. వేలు దిగకపోతే గాలి తీసేవాడు. రొట్టె పిండి ఎంత మెత్తగా ఉంటుందో అంత మెత్తగా ఉండాలని అమ్మ కొలత చెప్పింది. గంపల్లో కూరడం మాని, గుత్తికీ గుత్తికీ మధ్య ఎండుగడ్డి పెట్టారు. ఇదీ సుధీర్ గారి రహస్యం. ఆయన దాన్ని ఏ దేశపు వీడియోలోనో చూసి నేర్చుకుని ఉంటాడు. ఆ మెత్తటి టైర్లతో బరువు వేసుకుని మొరం మీద తొక్కితే ప్రాణం ఎక్కడికొస్తుందో ఆ వీడియోలో చెప్పి ఉండరు. తొడలు కొయ్యబారిపోయేవి. సాయంత్రం తిరిగొచ్చాక అమ్మ ఆముదం వెచ్చబెట్టి నా పిక్కలకు రుద్దేది, రుద్దుతూ పటేలును తిట్టేది. ఇప్పటివాళ్ళు కుదుపు సరదా కోసం ఖర్చు పెట్టి పోతున్నారు. మాకు కుదుపు తగ్గడం మీదే తోట ఉంటుందా పోతుందా అన్నది ఆధారపడి ఉంది. అందుకే ఆ దారి అందంగా ఉందో లేదో చూడటానికి మాకు తీరిక లేదు. అయినా కొన్ని కళ్ళలో పడ్డాయి, పోలేదు. బండరాళ్ళ సందుల్లో సీతాఫలం పొదలు, సైకిల్ చప్పుడుకు చెవులు నిక్కించి చూసి ఒక్క ఉదుటున మాయమయ్యే జింకలు. మూసీ దగ్గరికి రాగానే గడ్డిమళ్ళ పచ్చివాసన, చల్లగాలి, నీళ్ళలో మెడదాకా మునిగిన బర్రెలు. ఈనాటి మూసీ వాసన ఎరిగినవాళ్ళు నేను అబద్ధం చెప్తున్నాననుకుంటారు, అనుకోనివ్వండి.

అంబర్‌పేట దగ్గర కాలేజీ పిల్లలు ఆపేవాళ్ళు. చిన్నాయన హ్యాండిల్‌కు కట్టిన జెండా చూపించి, ఇది మనోళ్ళ పంట అనేవాడు. వాళ్ళు జై తెలంగాణ అని, తలా ఒక గుత్తి తీసుకుని వదిలేసేవాళ్ళు. ఇంకొంచెం ముందుకు పోతే పోలీసులు ఆపేవాళ్ళు. చిన్నాయన అదే జెండాను అంగీ లోపల దోపుకుని, దవాఖానలో రోగులకు పండ్లు తీసుకపోతున్నం సార్ అనేవాడు. వాళ్ళు లాఠీ చంకన పెట్టుకుని, తలా ఒక గుత్తి తీసుకుని వదిలేసేవాళ్ళు. గుత్తిని గుప్పిట్లో పట్టుకునే పద్ధతిలో ఆ రెండు పక్షాలకూ నాకు తేడా కనిపించలేదు. జెండా అంత చురుగ్గా లోపలికీ బయటికీ పోవడం చూసి మేమంతా నవ్వుకునేవాళ్ళం. చిన్నాయనది మహా సమయస్ఫూర్తి అనుకున్నాం.

సాయంత్రాలు నాయన పందిరి కింద నడుస్తూ ఇంకా ఎన్ని వరసలు మిగిలాయో చూసుకునేవాడు. మబ్బు పడితే అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. పండిన ద్రాక్ష మీద ఒక్క వాన పడితే చాలు, పండు పగిలి పులిసిపోతుంది. ఉరిమినప్పుడల్లా అమ్మ గడపలో నిలబడి ఆకాశానికేసి చూసి, పటేలును ఎంత తిట్టేదో వాననూ అంతే తిట్టేది. ఆమె తిట్లకు జడిసిందో ఏమో, వాన రాలేదు. ఆఖరి గంప బజారు చేరిన రోజు నాయన ఇంటికొచ్చి, పందిరికి మిగిలిన చిన్నాచితకా గుత్తులను చూపించి, ఇగ ముట్టుకోండ్రి అన్నాడు మాతో. ఆయన అంత నిండుగా నవ్వడం అదివరకు చూడలేదు. పటేలు కబురు పంపాడు, శభాష్ అని. అమ్మ చాలా రోజుల తరవాత చింతపండు చారు పెట్టింది.

కాపు దిగాక తీగను ఆ ఎండాకాలంలోనే కత్తిరించాలి. కాసిన కొమ్మలన్నీ మోడు దాకా తీసేస్తే కొత్త చిగురొచ్చి, మరుసటి కాపుకు తీగ తయారవుతుంది. మాట నిలబడింది, మూడేళ్ళు తోట తనదే అన్న నమ్మకంతో నాయన ఎవరినీ అడక్కుండా కత్తెర పట్టుకుని దిగాడు. మనిషిని పెట్టుకోలేదు, ఎవరు కత్తిరించినా ఆయనకు నచ్చదు. వరస తరవాత వరస, నెత్తి మీద ఎండ, మెడ పైకెత్తి ఎత్తి నొప్పి పుట్టి తలకింద దిండు పెట్టుకోలేకపోయేవాడు. కోసిన ప్రతి మోడుకూ మైలుతుత్తం పూత పూశాడు. కొమ్మలన్నీ మేం మోసుకుపోయి గట్టు మీద కుప్పలు వేశాం. మధ్యలో పటేలు వచ్చి, మంచం మీద కూర్చుని అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగుతూ చూశాడు. జర దగ్గరికి కత్తిరియ్యి, మంచిగుంటది అని సలహా కూడా ఇచ్చాడు. చిన్నాయన ఆ మంచం పక్కనే నిలబడి ఉన్నాడు. నేల చూస్తున్నాడు.

చిన్నాయన సంగతి ఇక్కడే చెప్పేస్తాను, మళ్ళీ ఆయన పేరెత్తాలంటే నాకు అసహ్యం. ఆ తోట స్థలంలో లేచిన కాలనీకి ఆయనే తోట పేరు పెట్టాడు. తీగ ఒక్కటి లేదు, పేరు మాత్రం గేటు మీద పెద్దక్షరాల్లో ఉంది. తరవాత హయత్‌నగర్ దాకా, ఆ పైన బాటసింగారం దాకా ఎన్ని తోటలు ప్లాట్లయ్యాయో అన్నింట్లో ఆయన చెయ్యి ఉంది. రెండోసారి ఉద్యమం వచ్చినప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో రోడ్డు పక్కన వేసిన దీక్షా శిబిరంలో తెల్లబట్టలు వేసుకుని, మెడలో కండువాతో, మన భూములు పరాయోళ్ళ పాలైనయని మైకులో మాట్లాడటం నేను బస్సు కిటికీలోంచి విన్నాను. గొంతు అంతే బాగుంది. జనం చప్పట్లు కొట్టారు. నా పక్కన కూర్చున్నావిడ కళ్ళు తుడుచుకుంది. ఆమెకు ఏమైనా చెబుదామనుకున్నాను, ఇంతలో నా స్టాపు వచ్చి దిగిపోయాను. రాష్ట్రం వచ్చింది. ఆ సంతోషం నాకూ ఉంది, దాన్ని ఆయన ముఖం చూసి పాడుచేసుకోను. ఆ ఆదివారం సుధీర్ కోసం జెండా ఊపడానికి మాత్రం నేను కిందికి దిగలేదు. మోకాళ్ళ నొప్పులని చెప్పాను.

మోడుల మీద పూత ఇంకా ఆరకముందే ఒక పొద్దున గొలుసులతో కొలిచేవాళ్ళు వచ్చారు. వాళ్ళ వెనక గడ్డపారలతో కూలీలు, ఒక మేస్త్రీ. నాయన ఎదురుపోయి, ఇదేదో పొరపాటు, పటేలును అడిగి రండి అన్నాడు. పటేలే పంపాడని, కావాలంటే యాదగిరి సారును అడుగు, బేరం కుదిర్చింది ఆయనే కదా, మూల ప్లాటు ఆయనదే కదా అని మేస్త్రీ మామూలుగా చెప్పాడు. మేం ఇంకా గంపలు మోస్తుండగానే బేరం అయిపోయిందని అతను అన్నప్పుడు అమ్మ అక్కడే గట్టు మీద కూర్చుండిపోయింది. మేస్త్రీ చెడ్డవాడు కాదు. మా ఇంటి మనుషుల ముఖాలు చూసి, మంచి మాట ఏదైనా చెప్పాలనుకున్నట్టున్నాడు.

"మంచిగ కత్తిరిచ్చి పెట్టినవ్ పెద్దాయనా, పీకుడు అల్కగైతది, మాకు కష్టముండది," అన్నాడు. "గందుకే పటేలు నీ పని ఒడిసేదాక మమ్ముల ఆగుమన్నడు."

నాయన కత్తెర చేతిలోనే ఉంది. చిన్నాయన అప్పుడే ఇంట్లోంచి బయటికొచ్చి, మమ్మల్ని చూసి, గడప దగ్గరే ఆగిపోయాడు. నాయన ఆయన వైపు తిరిగాడు. కేకలు వేస్తాడనుకున్నాను, కొడతాడని కూడా అనుకున్నాను. నీకు ముందే ఎర్కనా అని అడిగాడు, మెల్లగా.

"జెప్తె కత్తిరియ్యకపోదును రా," అన్నాడు నాయన. "తీగలు అట్లనే అల్లుకోని ఉంటుండె. పీకెటోళ్ళకు జర తక్లీఫన్న అయితుండె."

తమ్ముడితో ఆయన మాట్లాడిన ఆఖరి మాట అది.